కుడి పక్క నొప్పి

ఆదివారం పొద్దున్నే పూరీలు వేయిస్తుంటే మళ్ళీ పట్టుకుంది. కుడి వైపు పక్కటెముకల కింద మెలిపెట్టి, వీపులోంచి కుడి భుజం దాకా పాకింది. "గ్యాసే కిరణ్మయీ, కాస్త వాము నమిలి నీళ్ళు తాగు. వెంకట్‌కి ఇంకో రెండు వెయ్యమ్మా," అన్నారు అత్తయ్య హాల్లోంచి. వేశాను.

నాలుగు నెలలుగా ఇదే. కడుపులో నొప్పి గ్యాస్, భుజం నొప్పి ల్యాప్‌టాప్. మా ఆయన వెంకట్ కొత్త కుర్చీ కూడా కొన్నాడు, "ఇంక వంకలు లేవు మేడమ్" అని నవ్వుతూ. రెండు నొప్పులూ ఒకేసారి వస్తాయని ఎవరికీ తట్టలేదు. నాకైనా తట్టాలి కదా! ఆఫీసులో వందల లైన్ల కోడ్‌లో తప్పు పట్టుకుంటాను, నా ఒళ్ళు మాత్రం నాకు పట్టలేదు.

ఈసారి వాంతులయ్యాయి, చలిజ్వరం వచ్చింది. తెల్లాపూర్‌లో మా గేటు పక్క క్లినిక్‌కి ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. నర్సు జాస్మిన్ డొక్క కింద చెయ్యి అదిమి, "జర గట్టిగ ఊపిరి తీసుకో అక్కా" అంది. సగంలోనే ఆగిపోయింది ఊపిరి.

"నూనెవి తిన్నంక ఎక్కువైతుందా? పొద్దుగాల ఏం తింటవ్?"

ఏం తింటాను? కాన్పయ్యాక "పీపాలా తయారయ్యావే" అని చుట్టాల ముందు వెంకట్ అన్నప్పటి నుంచి మధ్యాహ్నం దాకా నిమ్మకాయ నీళ్ళే. మూడు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గాను, అందరూ మెచ్చుకున్నారు. రెండింటికి, అందరివీ అయ్యాక, మిగిలిన చల్లారిన పూరీలో వేపుడో. అదే చెప్పాను.

"గట్ల కడుపు మాడ్చుకుని జల్ది బరువు తగ్గినవ్, గందుకే పిత్తంల రాళ్ళు కట్టినయేమో. స్కానింగ్ తీయించుకో, ఆగకు."

రాళ్ళే. పిత్తాశయం వాచింది, ఇవాళే చేరాలన్నారు ఆస్పత్రిలో డాక్టరుగారు. వెంకట్‌కి ఫోన్ చేశాను.

"ఇవాళేనా? బుధవారం అమ్మ వ్రతం, నలభై మంది వస్తారు. వారం ఆగొచ్చేమో అడుగు."

అడిగాను! సిగ్గేస్తోంది చెప్పడానికి. అడ్మిషన్ కాగితం చేతిలో పట్టుకుని, జ్వరంతో వణుకుతూ, వ్రతం ఉందండీ అని అడిగాను. "అది లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుందమ్మా," అన్నారాయన. "మీవారు వచ్చాక సంతకం పెడతారా?"

పెన్ను తీసుకుని నేనే పెట్టేశాను. ఫోన్‌లో వెంకట్ ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"సరే, మరి బుధవారం వంట ఎవరు చేస్తారు?"

"తినేవాళ్ళు," అన్నాను.