కొంగు ముడి

ఆత్మకూరు బట్టల అంగట్లో గుమాస్తా జరీ చీరలు పరిచి "పెళ్లికామ్మా?" అని దేవకమ్మను అడిగాడు. పక్కనున్న కొడుకు పెంచలప్రసాదే చెప్పాడు.

"కర్మకు, అన్నా. మా బావ పోయినాడు. అక్కకు పుట్టింటి చీర."

గుమాస్తా జరీ చీరలు తీసేసి తెల్లవి దించబోయాడు. దేవకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నా బిడ్డకు ముప్పై నిండలేదు నాయనా. ఆ చిలకపచ్చది ఇయ్యి."

మర్రిపాడు బస్సులో కూర్చున్నంతసేపూ ఆమెకు ఒకటే గుబులు. చీర కప్పేటప్పుడు కూతురు రాధిక అడుగుతుందేమో, ముడి ఎప్పుడు విప్పినావమ్మా అని.

అల్లుడు మాధవ్ ఆమె అన్న కొడుకే. ఉండేది రెండిళ్ల అవతల. అతను లారీ తీసుకుని బద్వేలు వైపు పోయినప్పుడల్లా దేవకమ్మ కొంగుకు ముడి వేసుకునేది. తిరుగు దారిలో కొండ ఘాటు రోడ్డు దిగినానని ఫోన్ వచ్చేదాకా ముడి విప్పదు, ముద్ద ముట్టదు. "కొంగున కట్టేసినావు గదత్తా, ఇంక లారీకి బ్రేకులెందుకు?" అని నవ్వేవాడు.

ఆ రోజు పొద్దుగూకే వేళ ఫోన్ చేసి, "దిగినానత్తా, ఇంక తిను" అన్నాడు. ఆమె ముడి విప్పి కంచం ముందు కూర్చుంది. తిని చెయ్యి కడుక్కోకముందే ఇంకో ఫోన్ వచ్చింది. లారీ ఘాటు మలుపులో లోయలో పడిందన్నారు. అతను ఘాటు దిగనే లేదు.

ఎందుకట్లా చెప్పాడో ఆమెకు తెలియదు. ముడి విప్పింది, మనిషి జారిపోయాడు. ఆమెకు తెలిసింది అంతే.

పెద్దకర్మ రోజు రాధికకు తలకు పోసి పీట మీద కూర్చోబెట్టారు. దేవకమ్మ కొత్త చీర మడత విప్పి భుజాల మీద కప్పింది. గంజి బిరుసు పోని ఆ గుడ్డను బిడ్డ దగ్గరికి లాక్కుంది. రాధిక తల్లి చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, నేనే చెప్పమన్నా. షుగర్ మాత్ర వేసుకుని పస్తుంటావని, ఏడున్నా సరే దిగినానని చెప్పేయమన్నా. అది విని నువ్వు ముడి విప్పినావు. ఆయన్ని నేనే చంపుకున్నా."

దేవకమ్మ కూతురి తలను గుండెలకు అదుముకుంది.

"విప్పలేదు తల్లీ."

"తిన్నావు గదా?"

"ఆకలికి ఆగలేక ముడితోనే తిన్నా. అది కొంగునే ఉండింది. ఉండీ ఏం చేసింది? ఉత్త గుడ్డ. దానికేం బలముంటాది?"

రాధిక ఆమె కళ్లలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత, ఇన్ని రోజులకు, గొంతెత్తి ఏడ్చింది.

వాకిట్లో పెంచలప్రసాద్ బండి స్టార్ట్ చేశాడు. "అమ్మా, ఆత్మకూరు పోయొస్తా, విస్తర్లు చాలవంట" అని కేకేశాడు. దేవకమ్మ చెయ్యి తనంతట తానే కొంగు మీదికి పోయింది. రాధిక ఏడుస్తూనే ఆ చేతి వంక చూసింది.

దేవకమ్మ కొంగు వదిలేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బండి చప్పుడు దూరమైపోతుంటే వింటూ కూర్చుంది.