పుస్తకం బల్ల మీదే వదిలేయండి

ఆ క్రైస్తవ వేదాంత కళాశాల లైబ్రేరియన్‌కి విద్యార్థులు పెట్టిన పేరు పోలీసమ్మ. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆ మాట ఆవిడ చెవిన పడింది. పడ్డాక కోపం రాకపోగా లోలోపల ముచ్చటేసింది కూడా. అనుమానించడం తెలియని లైబ్రేరియన్ బూజు దులపడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆవిడ సిద్ధాంతం. దేవుడి గురించి చదివేవాళ్ళు దొంగతనం చెయ్యరని లోకం అనుకుంటుంది. లోకానికేం, పోయిన పుస్తకానికి జవాబు చెప్పుకోవలసింది లోకం కాదుగా! పనికొచ్చే పేజీలు బ్లేడుతో కోసి బైబిల్లో దాచుకుని, ముఖం నిండా శాంతం పులుముకుని గుమ్మం దాటబోయిన ఒక పాస్టరుగారిని ఆవిడ స్వయంగా పట్టుకుంది. ఆయన ఆ ఆదివారం చెప్పబోయేది నిజాయితీ గురించి.

ఆ లైబ్రరీకి ఒక నియమం ఉంది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంది: చదివిన పుస్తకం మీరు సర్దకండి, బల్ల మీదే వదిలేయండి. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయినదాంతో సమానం. పరలోకంలో ఎవరి స్థానం ఎక్కడో చెప్పగల పండితులు కూడా పుస్తకాన్ని తీసినచోట పెట్టలేరని ఆవిడ అనుభవం. అందుకని సర్దడమంతా ఆవిడ చేతుల మీదే. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది, అది ఎవరికీ తెలియదు. ఊళ్ళో పాస్టర్లంతా వారం మధ్యలో వచ్చి ప్రసంగానికి కావలసినవి చదువుకుంటారు. శుక్రవారం సాయంత్రం ఏ కుర్చీ ముందు ఏ వ్యాఖ్యానాలు పడున్నాయో చూస్తే చాలు, ఆదివారం ఏ చర్చిలో ఎవరేం చెప్పబోతున్నారో ఆవిడకి తెలిసిపోతుంది. ఎవరు కష్టపడ్డారో, ఎవరు పాత ప్రసంగాన్నే వేడిచేసి వడ్డించబోతున్నారో కూడా.

అలాంటి ఆవిడకి సొంత అల్లుడే అంతుపట్టకుండా పోయాడు.

అల్లుడు పక్క వీధి చర్చిలో పాస్టరు. మనిషి వెన్న. జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన గంటల తరబడి కూర్చుంటాడు, చావింట్లో కుర్చీలు మోస్తాడు, తగువుపడ్డ అన్నదమ్ములిద్దరి చేతా తిట్లు తిని నవ్వుతూ తిరిగొస్తాడు. ప్రసంగపీఠం ఎక్కితే మాత్రం వినేవాళ్ళకి దేవుడే దిక్కు. అతను నోరు తెరవగానే ముందు వరసలో పెద్దలు కళ్ళు మూసుకునేవారు. భక్తితో మూసుకున్నారని మిగతావాళ్ళు మర్యాదకి అనుకునేవారు. అలాంటిది ఈమధ్య ఆ చర్చిలో జనం నిద్రపోవడం మానేశారు. "దేవుడి మీద అలగడం కూడా ప్రార్థనే. అలిగేది మనవాళ్ళ మీదే కదా, దారిన పోయేవాడి మీద అలుగుతామా?" అని ఒక ఆదివారం అతను అన్నప్పుడు, భర్త పోయాక చర్చికి రావడం మానేసి ఆ రోజే తిరిగొచ్చిన ఒకావిడ భోరుమంది. పోలీసమ్మ కళ్ళు కూడా తడిశాయి. కొంగుతో తుడుచుకుంటూనే ఆవిడ అనుకుంది: ఎక్కడ కొట్టుకొచ్చాడు?

అనుకోదా మరి! అతను లైబ్రరీ గడప తొక్కి నెలలైంది. బల్లల మీద అతని ఆనవాలే లేదు. ప్రసంగంలో మాత్రం ఆవిడ అరల్లో తప్ప ఆ ఊళ్ళో ఇంకెక్కడా దొరకని పండితుల మాటలు దొర్లుతున్నాయి.

దానికి తోడు ఇంకో విడ్డూరం. పుస్తకాలు ఉండవలసిన చోట ఉండటం లేదు. పోవడం లేదు, చోటు మారుతున్నాయి. విలాప కీర్తనల మీద ఒక వ్యాఖ్యానం వెతగ్గా వెతగ్గా వెనక తలుపు పక్కన, కిటికీ కింది అరలో కనిపించింది. ఆ తర్వాత దుఃఖంలో ఉన్నవాళ్ళని ఓదార్చడం గురించిన పుస్తకం, అదీ అక్కడే. ఆ అరలో ఇప్పుడుండేవి పాత మాసపత్రికల కట్టలు. పైగా ఆవిడ వంటింట్లో మేకుకి వేలాడే వెనక తలుపు రెండో తాళంచెవి మాయమైంది. అది మాయమైన వారమే అల్లుడు ఆ వంటింట్లో కూర్చుని టీ తాగి వెళ్ళాడు. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? ఆవిడ తాళం వేసి భోజనానికి ఇంటికి వెళ్ళిన వేళ చూసి దొంగచాటుగా వస్తున్నాడు. చదివినంత చదివి, మిగతాది తర్వాత పట్టుకుపోదామని తలుపు పక్కన దాస్తున్నాడు. పైకి చూస్తే నోట్లో వేలు పెడితే కొరకలేడు!

ఈ గొడవ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఓపిక పట్టింది. ఇంతలో ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమన్నారంటే అది మంచి కబురు కాదు.

"మీ అల్లుడుగారి మీద ఫిర్యాదు వచ్చిందమ్మా. ప్రసంగాలు కాపీ కొడుతున్నారట. వాళ్ళ చర్చి సంఘ పెద్దలు ఈ శనివారం ఇక్కడే, లైబ్రరీలోనే కూర్చుంటామన్నారు. ఆ ప్రసంగాలు ఏ పుస్తకంలోవో మీరే చూసి చెప్పాలట."

"నేనా? ఆయన మా అల్లుడండీ!"

"అదే నేనూ అన్నాను. జడ్జిగారు వినలేదు. పుస్తకం ఆలస్యంగా తెచ్చాడని సొంత అన్నకే జరిమానా వేసిన మనిషి, ఆవిడ మాట చాలు అన్నారు."

జడ్జిగారంటే ఉద్యోగం నుంచి రిటైరైన జడ్జి, ఆ సంఘ పెద్దలకి పెద్ద. కాపీ అని తేలితే అల్లుడికి పీఠం పోతుంది, దాంతోపాటు చర్చివాళ్ళిచ్చిన ఇల్లూ పోతుంది. కూతురు నలుగురిలో తల ఎత్తుకోలేదు. కాదని అబద్ధమాడితే ఇన్నేళ్ళుగా ఈ గదిలో తన మాటకున్న విలువ గంగలో కలుస్తుంది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

ఆ రోజు నుంచి ఆవిడ కీర్తనల వ్యాఖ్యానాలన్నీ ముందేసుకుని కూర్చుంది. పండితుల పేర్లు దొరికాయి, వాళ్ళ మాటలూ దొరికాయి. అలక సంగతి మాత్రం ఎక్కడా లేదు. కనబడలేదంటే నిజంగా లేదని ఎవరైనా అనుకుంటారు. ఆవిడ మాత్రం, గట్టివాడే, దొరక్కుండా దాచాడు అనుకుంది.

బుధవారం సాయంత్రం కూతురింటికి వెళ్ళింది. కూతురు వంటింట్లో ఉంది. అల్లుడు మంచినీళ్ళు తెచ్చిచ్చి, తనూ ఒక గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఈమధ్య ప్రసంగాలు బాగుంటున్నాయి అల్లుడుగారూ. బాగా చదువుతున్నట్టున్నారు."

"అంతా దేవుడి దయ అత్తయ్యగారూ."

"ఆ దయ ఏ అరలో ఉందో చెబితే నేనూ చూసుకుంటాను."

అల్లుడికి పొలమారింది. కూతురు గరిటె పట్టుకుని బయటికొచ్చి, "అమ్మా, నీ కంటికి ప్రతివాళ్ళూ దొంగలే! ఇంటికొచ్చి కూడా డ్యూటీ చెయ్యాలా?" అంది. అని, తల్లి కళ్ళలోకి చూడకుండా వెంటనే లోపలికి వెళ్ళిపోయింది. అయ్యో, దీనికీ తెలుసన్నమాట అనుకుంది తల్లి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది ఒకరు కాదు, ఇద్దరు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ రోజూలాగే ముందు తలుపు మూసింది, కాకపోతే లోపల్నుంచి. భోజనం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, బైండు చేసిన పత్రికల బీరువా వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. పట్టుకుంటే ఏం చెయ్యాలో తెలియదు. పట్టుకోకుండా ఉండటం కూడా చేతకాదు. ఆకలేస్తోంది గానీ మూత తీస్తే చప్పుడవుతుందని భయం.

వెనక తలుపు తాళం తిరిగింది. చెప్పులు బయటే విడిచి వచ్చింది మనిషి. అల్లుడు కాదు, కూతురు.

కూతురు తిన్నగా వెళ్ళి రెండు పుస్తకాలు తీసి, బల్ల ముందు కూర్చుని చదవసాగింది. మధ్యమధ్య తలెత్తి శూన్యంలోకి చూసి, పెదవులు కదిపి, కాగితం మీద రాసుకుంటోంది. కాపీ కొట్టేవాళ్ళు అలా శూన్యంలోకి చూడరు. అంతసేపూ పుస్తకంలోకే చూస్తారు. అది పోలీసమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చివరికి కూతురు లేచి, ఒక పుస్తకాన్ని దాని చోట పెట్టి, దుఃఖం గురించిన రెండోదాన్ని కిటికీ కింది అరలోకి తోసింది. అర వైపు కనీసం చూడలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

అప్పుడు తట్టింది తల్లికి. ఈ ప్రిన్సిపాల్‌గారు వచ్చి పుస్తకాలన్నిటికీ అంకెలు వేయించక ముందు, ఆ గదికి ఆవిడ సొంత వరస ఒకటుండేది. పాస్టర్లు పరుగున వచ్చి "అమ్మా, చావుంది" అనో "పెళ్ళుంది" అనో "సంఘంలో తన్నుకుంటున్నారు" అనో అనేవారు. అందుకని ఆవిడ అరలని అలాగే పెట్టింది: పెళ్ళి అర, జబ్బుల అర, అన్నిటికంటే పెద్దది తగువుల అర. కిటికీ కిందిది చావు అర. పాస్టర్లు పుస్తకాలు బల్ల మీద వదిలేసేవారు కాబట్టి ఆ వరస వాళ్ళ చేతులకి అలవాటు లేదు. అలవాటున్నవి రెండు చేతులే. ఒకటి ఆవిడది. రెండోది బడి నుంచి వచ్చి, అమ్మ పని అయ్యేదాకా పుస్తకాలు సర్దిపెట్టిన పిల్లది.

"అమ్మలూ," అంది బీరువా వెనక నుంచి.

కూతురు ఉలిక్కిపడి గోడకి ఆనుకుంది. "ఆయన్నేం అనకమ్మా! తాళంచెవి తీసింది నేనే."

"ప్రసంగాలు?"

"నేనే రాస్తున్నా. శనివారం అందరిముందూ ఆ మాట చెప్పేస్తానంటున్నారాయన. నేనే వద్దని కాళ్ళావేళ్ళా పడుతున్నా."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఏమనేదానివి? వేదాంతం చదువుతానని అడిగినప్పుడు ఏమన్నావో గుర్తుందా? ఇంట్లో ఒకత్తె దేవుడి పుస్తకాల దుమ్ము దులుపుతోంది, అది చాలదా అన్నావు."

ఆవిడకి గుర్తు లేదు. కానీ ఆ మాట అచ్చం తన మాటలాగే ఉంది. మనసు చివుక్కుమంది, చాలా బాధేసింది. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"సరే గానీ, ఆ అలక సంగతి ఏ పుస్తకంలోది?"

"అమ్మా!"

"ఎల్లుండి నేను జవాబు చెప్పుకోవాలే. నిజం చెప్పు."

కూతురు రాసుకున్న కాగితం మడతపెట్టింది. "నాన్న పోయిన ఏడాది నువ్వు మోకరించలేదు. ఎవరైనా ప్రార్థన చేద్దామంటే, దేవుడికీ నాకూ మాటల్లేవు అనేదానివి. చర్చికి మాత్రం మానకుండా వెళ్ళి మూతి ముడుచుకుని కూర్చునేదానివి. అప్పుడే అనుకున్నా, ఇది కూడా ప్రార్థనే అని."

పోలీసమ్మ డబ్బా పక్కన పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ వారమంతా తను ఊళ్ళో లేని పండితుల దగ్గర వెతికింది తన సొంత కథనేనన్నమాట.

శనివారం పెద్దలు వచ్చి పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. అల్లుడు చివర్న, కూతురు గుమ్మం దగ్గర.

"చెప్పండమ్మా," అన్నారు జడ్జిగారు. "ఏ పుస్తకం?"

"పండితుల మాటలు వాళ్ళ పేర్లతోనే చెప్పారండి, అది తప్పు కాదు. మిగతాది నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేదు."

"అయితే ఆయన సొంతమే. మంచిది." జడ్జిగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అబద్ధం ఆడలేదు, కూతురి ఇల్లూ నిలిచింది. కానీ ఒకరి పుస్తకాన్ని ఇంకొకరి పేరున ఎక్కించడం ఆవిడ జీవితంలో చెయ్యలేదు. గొంతు సవరించుకుంది. ఈలోపే అల్లుడు లేచి నిలబడ్డాడు.

"నా సొంతం కాదండి. నా భార్య రాస్తుంది, నేను చదువుతాను."

గదిలో గుసగుసలు లేచాయి. ఒకాయన పీఠం పరువు పోయిందన్నాడు. ఇంకొకాయన, నిద్రపట్టని ప్రసంగాలు ఎవరు రాస్తే ఏమిటన్నాడు. జడ్జిగారు అందరినీ ఆపి, "ఆవిడ వేదాంతం ఎక్కడ చదివారు?" అని అడిగారు.

"ఇక్కడేనండి," అంది తల్లి. "బడి నుంచి వచ్చాక."

జడ్జిగారు గుమ్మం వైపు ఒకసారి చూసి, "మనం తేల్చవలసింది కాపీ సంగతి. కాపీ కాదు. ఇకనుంచి ఎవరు రాశారో పీఠం మీద పేరు చెప్పి చదవండి. కాదనేవాళ్ళుంటే తర్వాత మాట్లాడుకుందాం," అని లేచారు. పీఠం పరువు గురించి మాట్లాడినాయన వెళ్ళేటప్పుడు ఎవరికీ నమస్కారం పెట్టలేదు.

మరుసటి వారం కూతురు ముందు తలుపు నుంచే వచ్చింది. వచ్చి, పాస్టర్ల మధ్య కూర్చుని చదువుకుంది. వెళ్ళేముందు అలవాటు కొద్దీ పుస్తకాలు చేతిలోకి తీసుకుని అర వైపు నడిచింది.

"ఏమ్మా, బోర్డు కనబడట్లేదా?" అంది పోలీసమ్మ, నలుగురికీ వినబడేలా. "బల్ల మీదే వదిలెయ్యి. నేను సర్దుకుంటాను."

కూతురు పుస్తకాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. శుక్రవారం సాయంత్రం ఆవిడ బల్లలన్నీ సర్దుకుంటూ ఆ కుర్చీ దగ్గరికొచ్చింది. మూడు పుస్తకాలూ ఒక్కదాని గురించే. తిరిగి లేచిన ప్రభువు గాయాల్లో వేలుపెట్టి చూస్తే గాని నమ్మనన్న శిష్యుడి మీద వ్యాఖ్యానాలు.

"నన్నే అంటుందా?" అనుకుంది పోలీసమ్మ. ఆదివారం ముందు వరసలో కూర్చుని వినాలని నిర్ణయించుకుంది.