అంగవికలులకు కింది గది

ఆ ఏడు కదిరి తేరు చూసి తీరాలని సుబ్బరత్నమ్మ పట్టుబట్టింది. ధర్మవరంలో పొద్దస్తమానం మగ్గాలకు నూలు కండెలు చుట్టే మనిషి, నాలుగు రోజులు పని మానుకుని వదిన రామసుబ్బమ్మతో బస్సెక్కింది. చిన్నప్పుడే కాళ్లు పడిపోయాయి. చేతులకు టైరు చెప్పులు తొడుక్కుని నేలమీద జరుగుతూ పోతుంది.

సత్రం గోడమీద కొత్తగా రాసిన పచ్చటి అక్షరాలు: అంగవికలులకు కింది గది.

ఆ గదికి పోవాలంటే మూడు మెట్లెక్కి, వసారా దాటి, మూరెడు ఎత్తున్న తలవాకిలి గడప దాటాలి. సత్రానికి వేరే దారి లేదు.

"ఇదెవరికోసం రాయించినావప్పా?" అని అడిగింది సుబ్బరత్నమ్మ.

"మీలాంటోళ్లకే. పైనుంచి ఆర్డరొచ్చినాది" అన్నాడు లోపల నిలబడిన గుమస్తా వెంకటేశులు.

"మేమేమన్నా ఎగిరొస్తామా?"

"మీ వదిన ఎత్తుకోదా? లేదంటే వసారాలో పడుకో. గాలి బాగా వస్తాది."

"గాలికోసమైతే మా ఊర్లోనే ఉందును" అంటూ ఆమె చేతులమీద మెట్లెక్కి, ఒక్క ఊపున గడపమీద కూర్చుంది.

వెంకటేశులు అదిరిపడ్డాడు. "పసుపు కుంకుమ పెట్టిన గడప! లక్ష్మి ఉండే తావు! దిగు, బయటికి దిగు!"

అవతలికి జారబోయిన మనిషల్లా ఆ మాటతో ఆగిపోయింది. "కూర్చోకుండా దాటే కాళ్లు నాకు ల్యావు. ఈ గడప కోస్తేనే లేస్తా."

లోపల తేరుకు బయలుదేరినవాళ్లు గుంపుకట్టారు. ముసలి దాసప్ప కాలెత్తి, మళ్లీ దించాడు. "మనిషిని దాటగూడదు తల్లీ, జరుగు."

"నాకేం కాదు, దాటు తాతా."

"నాకయితాది గదమ్మా పాపం!"

వీధిలో డప్పులు మోగాయి. జనం వెంకటేశులు మీద పడ్డారు. "ఏమప్పా, ఆడ తేరు కదిలిస్తాండారు!"

"సత్రం కమిటీని అడగాల..."

"కమిటీ తేరుకాడ ఉండాది, నువ్వు మాతో ఈడ చిక్కుకున్నావు!"

చివరికి వెంకటేశులే కిటికీలోంచి ఎదురింటి వడ్రంగి ఎర్రన్నను కేకేశాడు. ఎర్రన్న రంపం తెచ్చాడు గానీ చెయ్యి ఆడలేదు. "గడప కోస్తే కాళ్లు పోతాయంటారే!"

"ఆ పాపం నా నెత్తిన ఎయ్యి. నాకింక పోయేదానికి కాళ్లు యాడివి?"

ఎర్రన్న ఫక్కున నవ్వి ఆమె పక్కనే రంపం పెట్టాడు. కోత అడుగుదాకా దిగాకే సుబ్బరత్నమ్మ వసారాలోకి జరిగింది. రెండో కోత పడి మధ్య చెక్క ఊడగానే జనం తేరుకు పరుగెత్తారు.

"మనమూ పోదాం రా" అంది రామసుబ్బమ్మ.

"నువ్వు పో వదినా, చూసి రా. నాకీడ పనుండాది." ఆమె చేతులమీద లోపలికి వెళ్లింది.

"ఇంక సంతోషమేనా తల్లీ?" అన్నాడు వెంకటేశులు చెమట తుడుచుకుంటూ.

"అప్పుడేనా? దొడ్డికి పోయే తావు యాడుండాదో చూపించు. దానికెన్ని మెట్లు పెట్టినారు?"