చూసి గీసిన సంతకం

పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్నేసి ఉంచి, గట్టు మీద తడి తుడిచి, పాప ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం చేసేసింది ఆమె. స్నానాల గదిలోంచి ఆయన కేకేశాడు.

"ఆ ఇన్సూరెన్సు కాగితం మీద కూడా నా సంతకం గిలికెయ్యవే! నాకు టైము లేదు."

గిలికేసింది. మొదటి అక్షరాన్ని పైకి లేపి, కింద గీత లాగి, చివర చుక్క. పెళ్ళైన కొత్తలో సరదాగా మొదలైన పని ఇది. "నాకంటే నువ్వే బాగా పెడతావే!" అని ఆయన అంటే, అదేదో బిరుదు ఇచ్చినట్టు పొంగిపోయింది పిచ్చి మొద్దు. ఆ తర్వాత బడి కాగితాలు, బ్యాంకు కాగితాలు, అత్తగారి ఆసుపత్రి కాగితాలు, అన్నీ ఆమె చేతి మీదుగానే నడిచాయి, అన్నీ ఆయన పేరుతోనే.

ఇవాళ మాత్రం తన పని. పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్ళాలి. వచ్చే నెల అక్కకు గుండె ఆపరేషన్. అమ్మ పోయాక తనకు జడలు వేసి, చదివించి, పెళ్ళి చేసి పంపిన అక్క. నర్సు ఉద్యోగానికని పరాయి దేశం వెళ్ళి అక్కడే ఒంటరిగా ఉండిపోయింది. ఎన్నిసార్లు పిలిచింది! ప్రతిసారీ ఏదో ఒక అడ్డం. పిల్లల పరీక్షలు, అత్తగారి మోకాళ్ళు. "ఇల్లు ఎవరి నెత్తిన పడేసి పోతావు?" అనేది ఆవిడ. "నీకు పాస్‌పోర్టు దేనికే, నువ్వెక్కడికి పోతావు గనక!" అని నవ్వేవాడు ఆయన. ఆయనతో పాటు తనూ నవ్వేది. ఎందుకు నవ్విందో! అది తలుచుకుంటే ఇప్పుడు కలుక్కుమంటోంది. ఎప్పుడూ ఏమీ అడగని అక్క ఈసారి నోరు తెరిచి అడిగింది: "మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి నువ్వు ఎదురుగా ఉండాలే."

"నీకు అక్కడ మాట్లాడ్డం చేతకాదు" అంటూ ఆయనా వెంట వచ్చాడు. కౌంటర్ వెనక ఉద్యోగిని ఆమెను ఏమడిగినా ఆయనే జవాబు చెప్పాడు. ఆమె పుట్టిన తేదీ కూడా ఆయనే చెప్పాడు, అదీ తప్పు.

"ఇక్కడ సంతకం చెయ్యండమ్మా."

చెయ్యి దానంతటదే కదిలింది. పైకి లేచింది, గీత లాగింది, చుక్క పెట్టింది. ఉద్యోగిని కాగితం తిప్పి చూసింది.

"ఇది ఎవరి పేరమ్మా?"

చూసుకుంటే ఏముంది, ఆయన పేరు! ఆయన పకపకా నవ్వాడు. "అలవాటండీ మా ఆవిడకి. నా సంతకాలన్నీ తనే పెడుతుంది."

"ఆ మాట ఇక్కడ అంత గట్టిగా చెప్పకండి సార్" అంది ఉద్యోగిని, నవ్వకుండా.

మరో కాగితం ఇచ్చింది. గుర్తింపు కార్డు మీద పెళ్ళికి ముందు చేసిన సంతకం ఉంది, గుండ్రటి అక్షరాలతో, నిండు పేరు. దానితో కలవాలి. ఆమె కార్డు పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం చూసి, ఆగి, మళ్ళీ చూసి రాసింది. ఎవరి సంతకమో దొంగతనంగా దించుతున్నట్టుంది.

"చూసి గీస్తున్నారు. ఎవరి సంతకం వాళ్ళు చూసి గియ్యరు కదమ్మా. సంతకం మారిందని రాయించి, ముందు కార్డు మార్పించుకుని రండి. దానికే నెల పైన పడుతుంది."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. "మా అక్కకు ఆపరేషనండీ" అంది. ఆ ఉద్యోగిని ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "నా చేతుల్లో ఏమీ లేదమ్మా" అని తర్వాతి మనిషిని పిలిచింది.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేసింది. జరిగింది ఎలాగో చెప్పింది. అక్క మామూలు గొంతుతోనే అంది:

"పోనీలేవే. ఆపరేషన్ కాగితం మీద దగ్గరివాళ్ళు ఎవరైనా సంతకం పెట్టాలన్నారు. నువ్వొచ్చి పెడతావని ఖాళీగా ఉంచాను. ఎవరూ లేనివాళ్ళు వాళ్ళే పెట్టుకోవచ్చట. పెట్టేస్తాలే. నువ్వేం బెంగ పెట్టుకోకు."

తిట్టినా బాగుండేది. ఫోన్ పెట్టేసి బావురుమంది ఆమె. ఇంటెడు మందికీ, అడిగినప్పుడల్లా, కాదనకుండా పెట్టింది సంతకాలు. అక్కకు కావలసింది ఒక్కటి. ఆ ఒక్కటే తన దగ్గర లేకుండా పోయింది. నవ్విన ఆ రోజుల్లో ఏదో ఒకనాడు నవ్వకుండా "నాకూ పాస్‌పోర్టు కావాలండీ" అనుంటే సరిపోయేది కదా. ఎవరు నోరు మూశారు? కొంత వాళ్ళు మూశారు, కొంత తనే మూసుకుంది.

సాయంత్రం ఆయన కారు కాగితాలు తెచ్చి ఆమె ముందు పడేశాడు. "రేపు పొద్దున్నే ఇవ్వాలి. గిలికెయ్."

ఆమె కన్నీళ్ళు తుడుచుకుని, పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అబ్బ, ఇంకా అలకేనా? ఒక్క సంతకమేగా, నీకేం పోయింది?"

"మీరే పెట్టుకోండి" అంది ఆమె. "అక్కడ మా అక్క తన గుండె కోయించుకోవడానికి తనే సంతకం పెట్టుకుంటోంది."