గుర్రప్పెట్టె విన్న చప్పుడు

నేను ఒక చెవిని. తలకు అతుక్కుని పుట్టే చెవిని కాదు. ఒక చిన్న డబ్బా, దానికో వైరు, వైరు చివర బొటనవేలంత గొట్టం, అంతా కలిపి నేను. కాగితాల్లో నా పేరు డాప్లర్. గోదావరి మధ్యనున్న ఈ లంకలో ఆ పేరు ఎవరి నోటా రాదు. కడుపుతో ఉన్న మనిషి పొట్ట మీద నన్ను పెడితే లోపలి బిడ్డ గుండె గుర్రం పరుగెత్తినట్టు టకటకా వినిపిస్తుంది కాబట్టి నన్ను గుర్రప్పెట్టె అంటారు. ఇక్కడ నిజం గుర్రాన్ని చూసినవాళ్లు నలుగురైనా ఉంటారో లేదో!

నా పుట్టుకే వణుకు. ఫ్యాక్టరీలో నా గొట్టం కొసన ఒక బిళ్ల అతికించి కరెంటు పెట్టగానే అది సెకనుకు ఇరవై లక్షల సార్లు వణికింది. అదీ ధ్వనే. కానీ సెకనుకు ఇరవై వేలు దాటిన వణుకు మనుషుల చెవికి అందదు.

అలతోపాటు ఏదో వస్తువు నడిచి వస్తుందనుకుంటారు చాలామంది. రేవులో లాంచీ వెళ్లాక చూడండి. అల ఒడ్డు దాకా వస్తుంది, నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క మొక్క మాత్రం ఉన్నచోటే లేచి కూర్చుంటుంది. ప్రయాణం చేసేది కుదుపే, నీళ్లు కాదు. నా కుదుపూ అలాగే ఒంట్లోకి వెళ్లి, దేనికో తగిలి, కొంత వెనక్కి తిరిగొస్తుంది. తగిలింది నావైపు కదులుతుంటే తిరిగొచ్చే అలలు దగ్గర దగ్గరగా వస్తాయి, దూరం పోతుంటే ఎడమెడంగా వస్తాయి. ఆ తేడానే నేను చప్పుడుగా మార్చి వినిపిస్తాను. గాలి అంటే మాత్రం నాకు హడలు. గొట్టానికీ చర్మానికీ మధ్య వెంట్రుకంత గాలి చాలు, అలలన్నీ గోడకు కొట్టుకున్నట్టు వెనక్కి వచ్చేస్తాయి. అందుకే ముందు జెల్లు పూస్తారు.

మొదట నేను పట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గర ఉన్నాను. బొమ్మ చూపించే పెద్ద యంత్రం రాగానే ఆమెకు నా మీద మోజు పోయి, నన్ను లంకలోని సబ్‌సెంటరుకు ఇచ్చేసింది. అక్కడి నర్సు సువార్తమ్మ చేతిలో పదకొండేళ్లు గడిపాను. పదకొండేళ్లూ ప్రతి పొట్ట మీదా నాకు అదే దిగులు: వినపడకపోతే?

ఒక బుధవారం పొద్దున్నే అచ్చాయమ్మ తన కూతురు నాగరత్నాన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. నాగరత్నానికి తొమ్మిదో నెల.

"నిన్న పొద్దుగూకిన కాణ్ణించి బిడ్డ కదల్లేదంట నర్సమ్మా! నేనడిగేదాకా చెప్పలేదు, మొద్దుమొహంది."

"పడుకున్నాడేమో అనుకున్నానమ్మా," అంది నాగరత్నం.

"పిన్నీ, ముందు నువ్వు కూర్చో. నీ కేకలకి లోపలున్నోడు ఇంకా ముడుచుకుంటాడు," అంటూ సువార్తమ్మ జెల్లు పూసి నన్ను ఆనించింది.

హుస్సుమని హోరు. అంతే. గొట్టాన్ని కొంచెం వంచింది. అప్పుడు దొరికిందో చప్పుడు. నా మీద అంకె వెలిగింది: 98.

"అదిగో గుర్రం!" అంది అచ్చాయమ్మ, చేతులు జోడించి.

సువార్తమ్మ నవ్వలేదు. బిడ్డ గుండె నూట పదికి తగ్గకూడదని ఆమెకు తెలుసు. "ఇది పరుగు కాదు పిన్నీ," అంది మెల్లగా. "నడక."

నేను గుండె చప్పుడే చెప్పాను. ఎవరి గుండె అని నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పే నోరేదీ నాకు?

"ఓరి దేవుడో, నా పిల్ల కడుపు..." అని అచ్చాయమ్మ శోకం అందుకుంది. తల్లి ఏడుపు చూసి నాగరత్నం కళ్లు పెద్దవయ్యాయి. నా అంకె కదిలింది. 106. 118. 124.

సువార్తమ్మ చటుక్కున రెండో చేత్తో నాగరత్నం మణికట్టు పట్టుకుంది. అక్కడి నాడీ, నా చప్పుడూ ఒక్కటే. "ఒసేయ్, ఇది నీ గుండే! నువ్వు హడలిపోతే ఇది పెరిగింది."

వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అప్పుడే అసలు భయం పట్టుకుంది. ఇంతసేపూ విన్నది తల్లిదైతే, మరి బిడ్డదేదీ?

బొడ్డు పక్కన వెతికింది. ఎడమవైపు వెతికింది. హోరు, హోరు. జెల్లు ఆరిపోతుంటే మళ్లీ పూసింది. కుడివైపు బాగా కిందికి నొక్కిపట్టగా ఎక్కడో దూరాన టకటకటక. 152. మణికట్టుతో కలవని చప్పుడు.

"పద, పెద్దాసుపత్రికి," అని లేచింది సువార్తమ్మ.

"వినిపించిందిగా తల్లీ! అక్కడికెళ్తే కోసేత్తారు."

"ఇప్పుడు పరిగెట్టింది పిన్నీ. ఇంకో గంటకి పరిగెడతాదని నాకు రాసిస్తావా?"

అచ్చాయమ్మ కూతురి రెక్క పట్టుకుని లేపింది.

పడవలో నన్ను పొట్ట మీద ఉంచే తీసుకెళ్లారు. రెండు అలలు ఒకచోట చేరితే ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇంజను మోతలో బిడ్డ చప్పుడు మునిగిపోయింది. "ఆపయ్యా ఇంజను!" అని సువార్తమ్మ అరిచింది. నడిఏట్లో పడవ ఊగుతూ నిలిచింది. 148. కాసేపటికి నాగరత్నం పళ్లు బిగించింది, నొప్పి మొదలైంది. 120. 104. 90. సువార్తమ్మ మణికట్టు పట్టుకుని చూసింది. కలవలేదు. ఈసారి అది బిడ్డదే. ఇంజను వెయ్యమని పడవవాడికి చెయ్యి ఊపింది.

ఆసుపత్రిలో, బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకుందన్నారు, నాగరత్నాన్ని లోపలికి తీసుకెళ్లి తలుపు మూశారు. బయట బెంచీ మీద సువార్తమ్మ నన్ను పిడికిట్లో నలిపేస్తూ కూర్చుంది. నాకు వినడానికి ఏ పొట్టా లేదు. అంతకంటే భయంకరమైన సమయం నేనెరగను.

తలుపు వెనక నుంచి ఒక ఏడుపు వచ్చింది. సన్నగా, బొంగురుగా.

ఆయా పాత చీరముక్కలో చుట్టిన బిడ్డను తెచ్చింది. "ఆడపిల్ల. తల్లి బానే ఉంది. ఎవరు పట్టుకుంటారు?"

అచ్చాయమ్మ వెనక్కి జరిగింది. "నా సేతులు వణికిపోతన్నాయే, జారిపోద్ది. నువ్వే పట్టుకోవే సువార్తా."

సువార్తమ్మ నన్ను బెంచీ మీద పెట్టి రెండు చేతులూ చాపింది.

ఆ తర్వాత నన్ను తీసుకోవడం ఎవరికీ గుర్తురాలేదు. ఇప్పుడు ఆ ఆసుపత్రి స్టోరులో, చక్రం విరిగిన స్ట్రెచర్ కింద ఉన్నాను. బ్యాటరీ ఉబ్బిపోయింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆ పూట ఆమె రెండు చేతులూ నిండుగా ఉన్నాయి.