సున్నా వస్తే పాసు

తప్పంతా త్రినాథరావు నోటిది. "ఇందులో నేను చేసేదేమీ లేదు సర్, పిలవడమే నా పని" అనకుండా, చేతులు కట్టుకుని "అయిపోతుంది సర్" అని ఊరుకుని ఉంటే ఇంత రామాయణం జరిగేదే కాదు. కానీ బొబ్బిలి మనిషి, పైగా డిప్లొమా చదివినవాడు. తెలిసింది చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది.

కోరాపుట్ కొండల్లో కొత్తగా లేచిన సర్కారు ప్లాంటు అది. ఆ ఏడు, అంటే ఎనభై ఎనిమిదిలో, టౌన్‌షిప్పులో పది క్వార్టర్లు కట్టారు. రెండు గదులు, వంటిల్లు, వెనక పెరడు. ఆఫీసర్లకి కాదు, కుటుంబం ఉన్న ఏ ఉద్యోగి అయినా అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టినవాళ్ళు నలభై ఏడుగురు. చేరిన తేదీ ప్రకారం వరస కట్టిన జాబితా శనివారం మధ్యాహ్నం లోపల క్వార్టర్ల కమిటీ చేతికి రావాలి. రాకపోతే సోమవారం దిగబోయే సెక్యూరిటీ దళానికి ఆ పది ఇళ్ళూ ఇచ్చేస్తారు. వాళ్ళు ఒకసారి మంచాలు వేశారంటే మళ్ళీ లేపడం ఎవరి తరమూ కాదు.

త్రినాథరావుకి పెళ్ళయి రెండేళ్ళు. అతను బ్యాచిలర్ హాస్టల్లో, భార్య సుమతి రాయగడలో తండ్రిగారి రైల్వే క్వార్టర్లో. నెలకి రెండు ఆదివారాలు కాపురం. మామగారు కూర్మారావు గూడ్సు బండి గార్డు. రాత్రి డ్యూటీ దిగొచ్చి పగలు నిద్రపోతారు, ఉన్నది ఒకటిన్నర గది. అంచేత మొగుడూ పెళ్ళాం రెండేళ్ళుగా గుసగుసల్లోనే మాట్లాడుకుంటున్నారు, అదీ కూరల సంగతి. క్వార్టర్ల కబురు తెలిసిన రోజే సుమతి ట్రంకుపెట్టె సర్దేసింది. త్రినాథరావు వేళ్ళ మీద లెక్క వేసుకుని, తనకి తొమ్మిదో నంబరు ఖాయమనుకున్నాడు.

జాబితా కంప్యూటర్లో తీయాలని పైనుంచి ఉత్తర్వు. ఎస్టేట్ ఆఫీసరు భీమారావు ప్లాంటు కంప్యూటరు చూసే అతన్ని పిలిచి, ఎన్ని రోజుల పని అని అడిగాడు. అప్పుడే ఆ నోరు జారింది.

"నాలుగు వరసల స్క్రిప్టు సర్, అంటే కంప్యూటరుకి రాసే ఆజ్ఞలు. నేను పేర్లు రాస్తానంతే. గ్రెప్ అని రాస్తే ఆ పేరుగల ప్రోగ్రాము బయటినుంచి వచ్చి కుటుంబం ఉన్నవాళ్ళని ఏరి ఇస్తుంది. సార్ట్ అంటే వరస పెడుతుంది. యూనిక్ అంటే రెండుసార్లు అర్జీ పడేసినవాళ్ళని ఒక్కసారికి తెస్తుంది. ఆఖర్న ప్రింటు. అవేవీ నేను రాసినవి కావు సర్. నా సొంతవైనట్టు పేరు పెట్టి పిలుస్తాను, అవి చేసి పెడతాయి."

భీమారావు కళ్ళజోడు తీశాడు. "అంటే పని ఆళ్ళది, పేరు నీదీనా?"

"వాళ్ళు మనుషులు కారు సర్, ప్రోగ్రాములు."

"అది నాకు తెల్దేటి? నానేమన్నా ఎర్రోడినా? ప్రోగ్రాములే. పని సేసేయా లేదా? మన ప్లాంటులో ఎవరు ఏ పని సేసినా కాయితం మీద సంతకం పడాల. రూలు పనికి గానీ మనిషికి కాదు కదా?"

ప్రోగ్రాములకి చేతుల్లేవని త్రినాథరావు నసిగితే, చేతులున్నవాళ్ళని ఒక్కో ప్రోగ్రాముకి ఇన్‌చార్జిగా వేస్తూ అరగంటలో ఆర్డరు వచ్చేసింది. సార్ట్‌కి డిస్పాచ్ గుమాస్తా గంగరాజు, ఎందుకంటే ఉత్తరాలు వరసపెట్టే చెయ్యి అతనిది. గ్రెప్‌కి క్యాంటీన్లో బియ్యంలో రాళ్ళేరే బంగారమ్మ, ఎందుకంటే ఏరే పని గురించి ఆవిడ కంటే తెలిసినవాళ్ళు ప్లాంటులో లేరు. యూనిక్‌కీ ప్రింటుకీ భీమారావే. బంగారమ్మ కూడా అర్జీ పెట్టిన మనిషే కదా అని ఎవరో అంటే, "పెట్టందెవుడు? కంపెనీ అంతా పెట్టీసింది" అని కొట్టిపారేశాడు.

శనివారం పొద్దున్న పది గంటలకి అందరూ చెప్పులు బయట విడిచి కంప్యూటరున్న ఏసీ గదిలోకి వచ్చారు. గంగరాజు మఫ్లరు చుట్టుకున్నాడు. బంగారమ్మ కొంగు నిండా కప్పుకుని ముడుచుకుని, తెర ముందు స్టూలు మీద కూర్చుంది. త్రినాథరావు మొదటి పేరు కొట్టాడు.

"అదేటి బాబూ, పేరెట్టి పిలిసెత్తన్నావు?" అంది బంగారమ్మ కంగారుగా. "పని సేసి పెట్టేవోడిని రండి అనవా?"

"వాడికి మర్యాదలు అక్కర్లేదు."

"ఆడికి అక్కర్లేకపోతే మాత్రం, నీ నోటికేటి నొప్పి?"

త్రినాథరావు మనసులోనే గారు చేర్చుకుని బటను నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు. అందరూ తెర వంకే చూశారు. భీమారావు ముందుకి వంగి, చెవి పెట్టి విన్నాడు కూడా.

"పలకదేటి?"

"పని సవ్యంగా జరిగితే పలకదు సర్. తప్పు జరిగితేనే అరుస్తుంది."

"మా ఇంటాయన ఉన్నప్పుడు అచ్చం ఇంతే," అని బంగారమ్మ నిట్టూర్చింది.

"మరి సవ్యంగా జరిగిందని నాకెలా తెలుస్తాది?" అన్నాడు భీమారావు.

"అడిగితే ఒక అంకె చెబుతుంది సర్." త్రినాథరావు అడిగాడు. తెర మీద సున్నా పడింది. గంగరాజు దాన్ని తను గీసి తెచ్చిన ఫలితాల పట్టీలో గ్రెప్ పేరుకి ఎదురుగా రాశాడు. తరవాత సార్ట్, సున్నా. యూనిక్, సున్నా. ప్రింటరు గరగరమని కాగితం కక్కింది, అదీ సున్నా. త్రినాథరావు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ కాగితం అతని చేతికి రాకముందే భీమారావు లాక్కున్నాడు. లాక్కుని, పేర్లు చూడలేదు. పట్టీలో నిలువునా నాలుగు సున్నాలు చూసి, జాబితా మీద ఎర్రసిరాతో ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టేశాడు.

"అందరూ ఫెయిలు."

"సర్! సున్నా అంటే పాసు సర్!"

"సున్నాకి పాసెక్కడున్నాదయ్యా? మావోడు లెక్కల్లో సున్నా తెత్తే ఈపు సీరేసేను."

"తప్పులు సున్నా అని అర్థం సర్. సున్నా కాక ఇంకే అంకె వచ్చినా ఫెయిలే. రెండు వందల యాభై అయిదు దాకా ఏదొచ్చినా."

భీమారావు కాసేపు ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ అతని ముఖం ఎర్రబడింది. "అంటే పాసవడానికి దారి ఒకటీ, ఫెయిలవడానికి రెండొందల యాభై అయిదూనా? ఏ యూనివర్సిటీ పెట్టింది ఈ పరీచ్చ? కమిటీ ముందర సున్నాలట్టుకెళ్తే నా నెత్తిన చెప్పుచ్చుకుని కొడతారు. ముప్పై అయిదు తెప్పించు."

"సర్?"

"పాసు మార్కు. నానేటీ వంద అడగనేదు కదా? పెన్నుతో రాసీమంటే అది దొంగతనం, నానొప్పను. ఆ మిషను సేతే సెప్పించు."

టైము పదకొండున్నర. త్రినాథరావుకి ఒళ్ళు మండిపోయింది. ఈ మహానుభావుడికి మాటలతో చెబితే ఎక్కదు, జరిగి చూపిస్తేనే ఎక్కుతుందనుకున్నాడు. గ్రెప్ పేరుతో ఒక కొత్త తొడుగు రాశాడు: లోపల అసలు గ్రెప్‌నే పిలుస్తుంది, పని చేయిస్తుంది, వెళ్ళేముందు మాత్రం ముప్పై అయిదు చెబుతుంది. మిగతా మూడింటికీ అలాగే తొడిగాడు. అయితే స్క్రిప్టులో ఒక కట్టడి ఉంది. ముందువాడు సున్నా చెబితేనే తరవాతివాడిని పిలవాలి. ఇంకేం చెప్పినా కొంప మునిగిందని అక్కడికక్కడే ఆగిపోవాలి. కావాలనే త్రినాథరావు ఆ కట్టడి ముట్టుకోలేదు. ఖాళీ కాగితం చూస్తే భీమారావుకి బుద్ధొస్తుందని అతని ధీమా.

బటను నొక్కాడు. గ్రెప్ ముప్పై అయిదు చెప్పింది. స్క్రిప్టు చచ్చి ఊరుకుంది. శీర్షిక ముందే అచ్చేసి ప్రింటరులో ఎక్కించి ఉంచిన కాగితాన్ని త్రినాథరావు అలాగే లాగి చూపించాడు: క్వార్టర్ల కేటాయింపు జాబితా, కింద ఒకటి నుంచి నలభై ఏడు దాకా అంకెలు, ఒక్క పేరూ లేదు.

"చూశారా సర్?" అన్నాడు త్రినాథరావు విజయగర్వంతో.

భీమారావు చూశాడు. పట్టీ చూశాడు. "గ్రెప్పు ముప్పై అయిదు. పాసు. మిగతా ముగ్గురేటయ్యేరు?"

"వాళ్ళని పిలవనే లేదు సర్."

"అంటే ఆబ్సెంటు. ఆబ్సెంటంటే ఫెయిలు కాదు." అతని ముఖం వికసించింది. "రాసినోడు ఒక్కడు, పాసైనోడు ఒక్కడు. నూటికి నూరు! ఇదీ రిజల్టంటే!"

త్రినాథరావు కళ్ళ ముందే బంగారమ్మ ఆ ఖాళీ జాబితా అడుగున, తన ప్రోగ్రాము పేరుకి ఎదురుగా, నీలం సిరాలో వేలు ముంచి ముద్ర వేసింది. గంగరాజు సంతకం పెట్టాడు. పన్నెండు కావడానికి అయిదు నిమిషాలుండగా కమిటీ ఆ ఖాళీ కాగితాన్ని పట్టీతో సహా పరిశీలించి, ఆమోదించి, ముద్ర వేసింది. మిషను తీసిన జాబితాలో ఫెయిలన్నదే లేదని చైర్మన్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడట.

ఆ కాగితం తిరిగి త్రినాథరావు బల్ల మీదకే వచ్చింది. "పేర్లు ఖాళీగున్నాయి, టైపు కొట్టీసి నాలుగింటికి బోర్డుకి అంటించీ," అని భీమారావు భోజనానికి వెళ్ళిపోయాడు. గదిలో ఎవరూ లేరు. త్రినాథరావు చెత్తబుట్టలోంచి ఎర్రగీత పడ్డ అసలు జాబితా తీసి, బల్ల మీద సాపు చేసి, అప్పుడు చదివాడు మొదటిసారి.

పదో పేరు బంగారమ్మది. మార్చి పధ్నాలుగున చేరింది. పదకొండు తనది. అదే ఏడు మార్చి ఇరవై అయిదున చేరాడు.

పదకొండు రోజులు! ఆ మార్చిలో ఉద్యోగం ఆర్డరు బొబ్బిలి చేరడానికే పదిహేను రోజులు పట్టింది. పోస్టుమాన్‌ని తిట్టుకున్నాడు, తనని తిట్టుకున్నాడు, మర్యాదలన్నీ మరచిపోయి సార్ట్‌ని తిట్టుకున్నాడు. తరవాత టైపు మిషనులో ఆ ఆమోదించిన కాగితం ఎక్కించి తొమ్మిది పేర్లు కొట్టాడు. పదో అంకె దగ్గర చేతులు ఆగాయి.

అడిగేవాడెవడు? ముద్ర పడిపోయింది. బంగారమ్మకి చదువు రాదు. పది, పదకొండు అటూ ఇటూ అయితే ఈ లోకంలో ఒక్క ప్రాణికి తెలీదు. ట్రంకుపెట్టె పక్కన కూర్చున్న సుమతి అతని కళ్ళ ముందు మెదిలింది. ఏడుపొచ్చింది అతనికి, సిగ్గుపడకుండా కాసేపు ఏడ్చాడు కూడా.

కాగితం అడుగున నీలం వేలిముద్ర ఉంది. ఏరే పని సరిగ్గా జరిగిందని ఆవిడ ఇచ్చిన పూచీ అది. జరిగింది ఏమిటో ఆవిడకి తెలీదు, అయినా ఏసీ గదిలో వణుకుతూ వేలు నొక్కింది. ఆ వేలిముద్ర ఉన్న కాగితం మీదే ఆవిడ పేరు తప్పించడానికి అతనికి చెయ్యి రాలేదు. పదో అంకెకి ఎదురుగా బంగారమ్మ అని కొట్టాడు. పదకొండుకి ఎదురుగా తన పేరు కొట్టేటప్పుడు రెండు అక్షరాలు తప్పు పడ్డాయి.

ఆదివారం పొద్దున్న కారే బస్సెక్కి, లక్ష్మీపూర్ ఘాటీ కొండదారంతా వానలో తడుస్తూ మధ్యాహ్నానికి రాయగడ చేరాడు. మామగారు నిద్రలో ఉన్నారు. త్రినాథరావు గుసగుసగా జరిగిందంతా చెప్పాడు. దాచాలనుకున్నదీ చెప్పేశాడు.

"సంతకాలన్నీ పడ్డ కాయితం," అంది సుమతి, గుసగుస మానేసి. "మీ సేతిలో టైపు మిషను. గదిలో మీరొక్కరు. మీ సేతుల్తో మీరే పదకొండని కొట్టుకున్నారా?"

"అవును."

"నాను మనిషిని కానా? ఈ పెట్టెలాటి దాన్నా?" అని గట్టిగా అరిచింది. కూర్మారావు గారు ఉలిక్కిపడి లేచి, బండి పట్టాలు తప్పిందనుకుని జెండా కోసం తడుముకున్నారు. సుమతి వెక్కి వెక్కి ఏడ్చింది. సాయంత్రం దాకా మొగుడితో మాట్లాడలేదు. దీపాల వేళకి వచ్చి అడిగింది: "ఆవిడ ఇప్పుడెక్కడుంటన్నాది?"

"పంపుహౌసు వెనకాల రేకుల షెడ్డులో. ముగ్గురు పిల్లలు."

సుమతి ముక్కు చీదుకుంది. "పాలు పొంగించే రోజు నన్ను పిలమని సెప్పండి. నాకు రాకపోయిన ఇల్లు ఎలాగున్నాదో ఒకసారి సూసి ఏడుస్తాను."

పిలవమంటే బంగారమ్మ ఎంతో సంబరపడి పిలిచింది. గురువారం సుమతి వచ్చింది. కొత్త సున్నం వాసన వేస్తున్న వంటింట్లో ఇటుకల పొయ్యి మీద పాలు పెట్టారు. సుమతి కిటికీ తలుపులు తెరిచి చూసింది, మూసి చూసింది. వెనక గుమ్మంలో నిలబడి పెరడు కొలిచినట్టు చూసింది. పాలు పొంగేటప్పుడు అందరితో పాటు నవ్వింది, తరవాత మొహం అటు తిప్పుకుంది.

"మీకేటొచ్చింది బాబూ నంబరు?" అని బంగారమ్మ అడిగింది, గ్లాసులో పాలు పోస్తూ.

"పదకొండు," అన్నాడు త్రినాథరావు.

"అయ్యో, నా పక్కదే! ఒక్కటితో పోయిందా?" ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. గదులు రెండూ ఒకసారి చూసుకుంది. "అమ్మీ, ఇంతిల్లు మావేటి సేసుకుంటాం? షెడ్డులో నలుగురం ఒక్క మంచం మీదే పడుకున్నాం. ముందు గది మీరుంచుకోండి. వంట ఒకలి తరవాత ఒకలు సేసుకుందాం."

"అలా కుదరదు," అన్నాడు త్రినాథరావు వెంటనే. "ఎస్టేటు రూలు ప్రకారం రక్తసంబంధం లేనివాళ్ళు ఏడు రోజులకి మించి ఉండాలంటే మూడు ప్రతుల్లో అర్జీ పెట్టాలి. దానికి భీమారావు గారు..."

సుమతి అతని వంక చూడనైనా లేదు. కొంగు నడుముకి దోపి, పొయ్యి పక్కన చతికిలబడి, మూలనున్న బంగారమ్మ సామాన్ల మూటలో చెయ్యి పెట్టింది.

"పిన్నీ," అంది, "ఈ ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టమంటావు?"