కొత్త కంప్యూటర్లలో ఆగిపోయిన పటం

లిటియా కొబ్బరి కోరుతుండగా ఫోన్ మోగింది.

"నీ ప్రోగ్రాం మళ్ళీ ఆగిపోయింది," అన్నాడు అపెనీసా, దీవుల దేశపు రాజధాని సువాలో ఆమె పనిచేసే పటాల ఆఫీసు అధికారి. "రేపు తుఫాను. ఏ ఊళ్ళో ఏ ఇళ్ళు మునుగుతాయో ఇవాళే చెప్పాలి. వచ్చి బాగుచెయ్."

"చర్చి నుంచి పాతికమంది భోజనానికొస్తుంటే నువ్వెక్కడికి?" అంది అత్తగారు. టీవీలో రగ్బీ ఆట మీంచి కళ్ళు తిప్పకుండానే భర్త సెమీ, "జీతమివ్వని పనికి ఇంత ఆర్భాటమేంటే," అన్నాడు.

ఆఫీసు ఉద్యోగానికి జీతముంది గానీ ఈ ప్రోగ్రాంకు లేనిమాట నిజమే. తీరాన్నీ నేల ఎత్తునీ లెక్కగట్టే ఆ ప్రోగ్రాంను తొమ్మిదేళ్ళుగా సెలవురోజుల్లో, బిడ్డకు పాలిస్తూ, బట్టలు ఆరేస్తూ ఆలోచించుకుని రాసింది. చుట్టుపక్కల దీవుల దేశాలన్నీ వాడుకుంటున్నాయి. పోయిన నెల ఆఫీసుకు కొత్తరకం ప్రాసెసర్లతో మూడు కంప్యూటర్లొస్తే మూడూ మగవాళ్ళకే వెళ్ళాయి. "నాలుగింటికే ఇంటికి పరిగెత్తేదానివి, నీకెందుకు?" అన్నాడు అపెనీసా. వాటిలో ప్రోగ్రాం సగంలో ఉన్నట్టుండి మూసుకుపోతుంది, ఎందుకో చెప్పదు. ఆమె పాతదాంట్లో మాత్రం చక్కగా నడుస్తుంది. తప్పు పట్టుకోవాలంటే కొత్తదాని ముందు నాలుగు రోజులు కూర్చోవాలి. మూడుసార్లు అడిగింది. "చెడగొడతావు," అన్నారు.

ఇవాళ ఆమె ఆఫీసుకు వెళ్ళగానే కొత్తదాని ముందు కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టారు. మధ్యాహ్నం పన్నెండు దాకా తంటాలుపడినా జాడ దొరకలేదు. ఇక లాభంలేదని పాతదాంట్లో మొదలుపెట్టింది. ఊరికి అరగంట. పద్నాలుగు ఊళ్ళలో పదకొండు అయ్యేసరికి కరెంటు పోయింది.

మిగిలిన మూడూళ్ళ పెద్దలకూ తానే ఫోన్ చేసింది. "ఏ ఇల్లు మునుగుతుందో చెప్పలేనండీ. అందర్నీ కొండమీదికి పంపేయండి." ఇద్దరు సరేనన్నారు. మూడో ఆయన నసిగాడు. "పటం లేకుండా ముసలివాళ్ళనెలా కదిలించనమ్మా? అక్కడ మగవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వు."

ఫోన్ అపెనీసాకిచ్చింది. ఆమె అన్న మాటలే అతనూ అన్నాడు, ఒక్క ముక్క తేడా లేకుండా. అవతలాయన వెంటనే ఒప్పుకున్నాడు.

"చూశావా, చెప్పే తీరుండాలి," అన్నాడు అపెనీసా ఫోన్ తిరిగిస్తూ.

మర్నాడు తుఫానుకు ఆ ఊళ్ళో పన్నెండిళ్ళు కొట్టుకుపోయాయి. మనుషులందరూ దక్కారు. అపెనీసాను పై ఆఫీసు మెచ్చుకుంది. ఇంట్లో అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు.

శుక్రవారం పక్క దీవుల దేశం టోంగా నుంచి అనా అనే ఆవిడ రాసింది. వాళ్ళ కొత్త కంప్యూటర్లలోనూ ప్రోగ్రాం అలాగే ఆగిపోతోందట, ఎప్పటికి బాగుచేస్తారని. తొమ్మిదేళ్ళుగా అలాంటి ఉత్తరాలన్నిటికీ "క్షమించండి, చూస్తున్నాను" అనే జవాబిచ్చింది లిటియా. ఈసారి ఇలా రాసింది: "నా దగ్గర ఆ కంప్యూటర్ లేదు. అడిగితే ఇవ్వలేదు. ఇక నేను చూడను."

పంపాక మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు. టోంగాకీ తుఫాన్లొస్తాయి.